నాలుగోదానికి చోటు లేదు

హమాలీ మల్లన్న చచ్చినందుకు వాడి ఇంట్లో మైల. వాడు చచ్చిన గోదాంలో కంప్యూటర్‌కు మైల. అదే గోదాంలో ఉన్న మిర్చి బస్తాలకు మాత్రం ఒక్క పూట కూడా మైల లేదు. తెల్లారేసరికి హమాలీలను మళ్ళీ లోపలికి తోలాడు గోదాం యజమాని వైకుంఠం సేటు. ఇది ఏ శాస్త్రంలో ఉందో నాకు తెలీదు. మా నాన్న బతికినన్నాళ్ళూ గుళ్ళో అర్చకత్వం చేశాడు, ఆయనక్కూడా తెలిసి ఉండదు.

నా పేరు అహల్య. ప్రభుత్వ కంప్యూటర్ సెంటర్లో ఎనిమిదేళ్ళు పనిచేసి, పై అధికారి మొహాన రాజీనామా కొట్టి, హుస్సేనీ ఆలంలో మా పాత ఇంటి ముందుగదికి డిటెక్టివ్ అని బోర్డు తగిలించుకున్నాను. ఆడదానికి ఈ పనేమిటని అడిగినవాళ్ళందరికీ సమాధానం చెప్పి చెప్పి నా నోరు ఇలా తయారైంది.

ఆ పొద్దున రాహేలు వచ్చి గడప మీదే కూలబడింది. ఆమె భర్త ఆనందరావు బేగంబజార్ వెనక వైకుంఠం కోల్డ్ స్టోరేజీలో కంప్యూటర్ ఆపరేటర్. దసరా మర్నాడు మధ్యాహ్నం రెండో చాంబర్లో అమ్మోనియా లీకైంది. గ్యాస్ కాస్త ఎక్కువైతే చాలు, కంప్యూటర్ ఒక చిన్న ప్రోగ్రామ్‌ను లేపాలి. ఆ ప్రోగ్రామ్ సైరన్ మోగించి, గ్యాస్ వాల్వు మూసేయాలి. గోదాంలో అందరూ దాన్ని గంట అంటారు. ఆ రోజు గంట మోగలేదు. వాసన తెలిసేసరికే కళ్ళు మూసుకుపోయి, మల్లన్న తలుపు దాకా వచ్చి అక్కడే పడి చనిపోయాడు. గంటను ఆపి నిద్రపోయాడని ఆనందరావును అదే సాయంత్రం లాకప్‌లో వేశారు.

కాగితాల్లో చూపకుండా రెండు రోజులు ఉంచుకుని, ఇవాళ సాయంత్రం మేజిస్ట్రేట్ ముందు పెడతారు. అక్కడినుంచి చంచల్‌గూడ జైలు.

"జైలుకు పోతే బతకడక్కా," అంది రాహేలు. "మల్లన్న తమ్ముడు ముందే లోపలున్నడు. రానియ్యి, సూస్తనన్నడట."

నేను ముందు స్టేషన్‌కు వెళ్ళాను. ఆనందరావు మొహం వాచి ఉంది. గంట జోలికి తను పోలేదన్నాడు, ఏసు సాక్షి అన్నాడు. ఏసును కోర్టుకు పిలవలేం గనక కంప్యూటర్లో అతని పాస్‌వర్డ్ అడిగాను. సిగ్గుపడుతూ పెళ్ళాం పేరు చెప్పాడు. కొట్టించుకుని కూర్చుని కూడా దానికి సిగ్గుపడ్డాడు పిచ్చి మారాజు.

గోదాం ఆవరణలో హమాలీల మేస్త్రీ గుండయ్య నన్ను చూసి కాదు, నా వెనక రాహేలును చూసి పక్కకు ఉమ్మేశాడు. నాకు కోపం వచ్చింది గానీ, తోటివాడి శవాన్ని మోసిన మనిషి మీద దాన్ని చూపలేకపోయాను. గంట మామూలుగా ఎన్నాళ్ళకోసారి మోగేదో చెప్పమన్నాను.

"దసరా ముందట వారానికి రెండుమాట్ల మోగుతుండె," అన్నాడు గుండయ్య. "పైపు ఖరాబున్నది, బాగుచెయ్యరు. మోగినప్పుడల్ల మేం బయటికి ఉరుకుడు, మిషన్లు బంద్ అవుడు. సరుకు ఖరాబైతున్నదని సేటు లొల్లి. దసరా అయినంక ఒక్కమాటు మోగలే."

దసరా నాడు ఏం జరిగిందో అడిగాను. ఏముంది, ఆయుధ పూజ. మిషన్లన్నీ ఆర్పి, కడిగి, కుంకుమ పెట్టారు. కంప్యూటర్‌ను కూడా ఆర్పి, దాని నెత్తిన జమ్మి ఆకు పెట్టారు. ముహూర్తం కాగానే సేటు తన చేత్తో ఒక్కొక్క స్విచ్చీ వేశాడు, కంప్యూటర్‌తో మొదలుపెట్టి.

ఆ మాట వినగానే నా కాళ్ళు ఆగిపోయాయి. కరెంటు పోయినా ఆగకుండా ఆ కంప్యూటర్‌కు బ్యాటరీలున్నాయి. ఏడాది పొడుగునా దాన్ని ఎవరూ ఆర్పరు. ఆర్పేది ఒక్క దసరాకే. ఆర్పి, మళ్ళీ వేశాకే గంట మూగబోయింది.

కంప్యూటర్ గది తలుపుకు అడ్డంగా పసుపు గుడ్డ కట్టి ఉంది. మనిషి చచ్చిన చోటు కాబట్టి, శాంతి జరిగేదాకా ఎవరూ ముట్టకూడదట. శాంతి ఈ మధ్యాహ్నమే. సేటు పంతులుగారిని పిలుచుకురావడానికి వెళ్ళాడు. రాగానే మిషన్ ఆర్పి, పసుపు నీళ్ళు చల్లి, మళ్ళీ వేస్తారు. పక్కనే ఆఫీసు గదికి తాళం. అక్కడి టెర్మినల్ మీద స్టాక్ ప్రోగ్రామ్ మల్లన్న చచ్చిన గడియలో ఎలా ఉందో అలాగే నడుస్తోంది. ఆ తాళంచెవి సేటు మొలతాడుకు వేలాడుతుందట.

నేను పసుపు గుడ్డ విప్పి లోపలికి వెళ్ళాను. మైల నాకు అంటితే తలస్నానం చేస్తాను. ఇందులో ఏమంత కష్టముంది?

"మేడమ్, సేటు ఒద్దన్నడు," అంటూ ఒకడు వెంటబడ్డాడు. మురళీధర్. ఈ కంప్యూటర్ పెట్టిన కంపెనీ ఇంజనీరు, ఇస్త్రీ చొక్కా, మెత్తని మాట. వాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి ప్రశ్నలు మొదలుపెట్టాను. దసరా ముందురోజు సర్వీసింగ్‌కు వచ్చాడట. పండక్కి వరంగల్‌లో అత్తగారింటికి పోయాడట, మల్లన్న చనిపోయినప్పుడు అక్కడే ఉన్నాడట. నిన్న వచ్చి కండిషన్ చూసి పోయాడట, ఇవాళ శాంతికి వచ్చాడట. నిన్న మైల అడ్డం రాలేదా అంటే, దూరంనుంచే చూశానన్నాడు. కంప్యూటర్‌ను నడిపించే మూల ప్రోగ్రామ్, కెర్నెల్‌లో ఏమైనా మార్చావా అని సూటిగా అడిగాను.

"కెర్నెల్ తెరిచి చూసుడు మా పని కాదు మేడమ్. కంపెనీ టేపు పంపిస్తది, మేం ఎక్కిస్తం. లోపల ఏ నంబర్ ఏ జాగల ఉంటదో నాకు తెల్వది."

ఎంత మర్యాదగా చెప్పాడో! నేను వాణ్ణి బయట నిలబడమని తలుపు మూశాను.

ఆనందరావు పేరుతో లోపలికి వెళ్ళాను. ఆపరేటర్ పేరుతో కెర్నెల్‌ను చదవొచ్చు, మార్చడానికి వీల్లేదు. మార్చాలంటే పెద్ద పాస్‌వర్డ్ కావాలి, అది మురళీధర్ దగ్గరే ఉంటుంది. పైగా కంపెనీవాళ్ళు లోపలి పేర్లన్నీ చెరిపేసి పంపారు. ఏ సెట్టింగ్ అయినా సరే, మెమరీలో దాని చిరునామా తెలిస్తేనే కనపడుతుంది. కొత్త పని ఏదైనా మొదలయ్యేటప్పుడు కెర్నెల్ దేనితో పోల్చి చూస్తోందో ఒక్కొక్క ముక్కా తవ్వుకుంటూ పోయాను. చెమటకు కళ్ళజోడు జారిపోతూనే ఉంది. చివరికి, ఒకేసారి ఎన్ని పనులు నడవొచ్చో చెప్పే హద్దు చిరునామా దొరికింది. బాల్‌పెన్‌తో అరచేతిలో రాసుకుని, అక్కడ ఏముందో అడిగాను.

మూడు.

అదే సెట్టింగ్‌ను డిస్క్ మీది కెర్నెల్ ఫైల్లో చూశాను. పాతిక. ఆ ఫైల్ చివరిసారి మారింది నిన్న.

కుర్చీ వెనక్కి తోసి లేచాను. పళ్ళు నూరుతున్నానని దవడ నొప్పి పెట్టేదాకా నాకే తెలీలేదు. ఒక మనిషి ప్రాణం మూడు అనే అంకె కింద నలిగిపోయింది. ఆ అంకెను పెట్టినవాడు నిన్న వచ్చి తీరిగ్గా డిస్క్ మీద పాతిక రాసుకుని, చేతులు కడుక్కున్నాడు. ఇంక మిగిలింది మెషీన్ ఆర్పి వేయడం ఒక్కటే. ఆ పని పంతులుగారి చేత, మంత్రాలతో చేయిస్తున్నాడు.

తలుపు తెరిచేసరికి ఎదురుగా ఇన్‌స్పెక్టర్ అమరనాథ్. ఈ కేసు మూసినవాడు ఆయనే. పోయినేడు ఒక కేసులో ఆయన పట్టుకున్నవాడు కాదు దొంగ అని నేను నిరూపించినప్పటినుంచి, నేను కనపడితే ఆయన మీసం దువ్వుకుంటాడు. వెనక ఒక కానిస్టేబుల్, మురళీధర్. మైల గదిలో దూరానని ఫోన్ చేసి పిలిపించింది వాడే.

ఇల్లు, ఆచారం, పోలీసు పని అంటూ ఆయన ఏదో ఉపన్యాసం ఎత్తుకున్నాడు. నేను మధ్యలోనే ఆపి, గంట బాగుందని ఎలా తేల్చారని అడిగాను. సైరన్ తీగలకు బ్యాటరీ తగిలించి చూశాం, మోగింది, అన్నాడు గర్వంగా.

"గొంతు బాగున్నదా అని చూసిండ్రు. దాన్ని పిలిచేటోడు పిలుస్తున్నడా అని చూసిండ్రా?" అన్నాను. "ఆ బుద్ధి ఉంటే ఆ మనిషి మూతి పగలగొట్టకపోదురు."

ఆయన మొహం ఎర్రబడింది. నా కోపమూ చల్లారలేదు. అయినా సాయంత్రం కోర్టుంది. అందుకే గొంతు తగ్గించి, ఆయనకు తెలిసిన మాటల్లో చెప్పాను. కెర్నెల్ అంటే ఈ మెషీన్‌కు మేస్త్రీ. ఒక్కో పేరు మీద ఒకేసారి ఎన్ని పనులు నడవొచ్చో దాని దగ్గర ఒక హద్దుంటుంది. మామూలుగా పాతిక. ఎవడో దాన్ని మూడు చేశాడు. గోదాం పేరు మీద ఆఫీసు గదిలో లాగిన్ ఒకటి, స్టాక్ ప్రోగ్రామ్ రెండు, గ్యాస్‌ను కనిపెట్టుకుని ఉండే ప్రోగ్రామ్ మూడు. గంట కొట్టే ప్రోగ్రామ్ నాలుగోది. గ్యాస్ వచ్చింది, కాపలా ప్రోగ్రామ్ గంటను లేపబోయింది, నాలుగోదానికి చోటు లేదు పొమ్మంది మేస్త్రీ. బయటికి చూస్తే అన్నీ బాగానే ఉన్నట్టుంటాయి. ఆనందరావుకు అనుమానం రావడానికి కూడా ఏమీ లేదు.

"ఇప్పుడు డిస్క్ మీద పాతిక ఉన్నది, నడుస్తున్న మెమరీల మూడున్నది," అన్నాను. "స్విచ్ వేసినప్పుడు డిస్క్ మీదున్నది మెమరీలకొస్తది. మళ్ల ఆర్పి వేసేదాకా గదే. అంటే దసరా నాడు డిస్క్ మీద మూడే ఉండె. నిన్న ఎవరో దాన్ని మార్చిండ్రు. నిన్న ఆనందరావు మీ లాకప్‌ల ఉన్నడు. మీరే కాపలా."

అమరనాథ్ మీసం మీద చెయ్యి ఆగింది. కాస్త తెలివైనవాడే, పొగరు అడ్డమొస్తుంది గానీ. మురళీధర్ వెంటనే అందుకున్నాడు. ఫైల్ తేదీ ఎవరైనా మార్చొచ్చట. దసరా అయ్యాక ఆనందరావే నేరుగా మెమరీలో మూడు పెట్టి ఉండొచ్చట. ఆపరేటర్‌కు ఆ అధికారం లేదంటే, పాస్‌వర్డ్ దొంగిలించి ఉండొచ్చట. వాడి దగ్గర అన్నిటికీ ఒక 'ఉండొచ్చు' ఉంది.

"ఈ పచ్చ అక్షరాలు పట్టుకొని కోర్టుకు పోతే జడ్జి నవ్వుతడు అహల్యగారూ," అన్నాడు అమరనాథ్. "నాకు మనిషి కావాలె. చేసినోని చెయ్యి కావాలె."

నేను పనిచేసిన కంప్యూటర్ సెంటర్ నుంచి నిపుణుణ్ణి పిలిపిస్తాను, అందాకా మెషీన్ ఆర్పనివ్వకండి, అదొక్కటి చేయండి అని అడిగాను. శాంతి పూజ ఆపితే బజారంతా తన మీదికొస్తుందన్నాడు. మనిషిని విచారించకుండా జైల్లో పడేయొచ్చు గానీ పూజను మాత్రం ఆపకూడదా అన్నాను. మాటా మాటా పెరిగింది. నేను మెషీన్ స్విచ్‌కు అడ్డంగా నిలబడి, ఆర్పేవాడు ముందు నన్ను జరపాలన్నాను. కానిస్టేబుల్ ఎటు చూడాలో తెలియక గోడవైపు చూశాడు.

గోడ మీద రెండు బల్బులున్నాయి, చాంబర్‌కొకటి. గ్యాస్ పెరిగితే వెలుగుతాయి. వాటికి నేరుగా తీగలున్నాయి, కంప్యూటర్‌తో పని లేదు. ఆనందరావు కూర్చునే ఆఫీసు గదినుంచి అవి కనపడవు.

"సార్," అన్నాడు కానిస్టేబుల్. "ఎర్రబల్బు ఎలిగింది."

రెండో చాంబర్. అందరం ఒక్క క్షణం చెవులు రిక్కించాం. గంట లేదు. కంప్యూటర్ పెద్ద టెర్మినల్ మీద మాత్రం ఒక పచ్చ వరుస వచ్చి నిలిచింది: ఇంకో పనికి చోటు లేదు అని. కాపలా ప్రోగ్రామ్ మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ అదే వరుస.

లోపల గుండయ్య, వాడి మనుషులు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, రాహేలు. మా ఆయన అటువంటోడు కాదని గుండయ్యకు చెప్పుకుంటానని, వాళ్ళ వెంట చాంబర్లోకే వెళ్ళింది.

అమరనాథ్, కానిస్టేబుల్ ఆవరణ వైపు పరిగెత్తారు. ఆ చాంబర్ మూడంతస్తులు, నిండా బస్తాలు, జానెడు మందం తలుపు. కేకలు లోపలికి వినపడవు. వాల్వు మూసేది గంట ప్రోగ్రామే. ఆఫీసు గదిలో స్టాక్ ప్రోగ్రామ్ ఆపితే నాలుగోదానికి చోటొస్తుంది, ఆ గదికి తాళం. మెషీన్ ఆర్పి వేస్తే లేచేసరికి లోపలివాళ్ళు ఉండరు. మూడును పాతిక చేయాలంటే పెద్ద పాస్‌వర్డ్ కావాలి.

నేను మురళీధర్ చొక్కా పట్టుకున్నాను. ఏమన్నానో సరిగ్గా గుర్తులేదు. పాస్‌వర్డ్ చెప్పు అన్నానేమో, నిన్ను చంపుతా అన్నానేమో. వాడి చెంపలు తెల్లబడిపోయాయి. కళ్ళు ఎర్రబల్బు మీదే ఉన్నాయి. నా చెయ్యి విదిలించుకుని కీబోర్డ్ ముందు కూలబడ్డాడు.

పాస్‌వర్డ్ కొట్టాడు. నడుస్తున్న మెమరీని రాయడానికి తెరిచాడు. ఏ పుస్తకం చూడలేదు, నన్ను ఒక్క మాట అడగలేదు. చిరునామా ఎనిమిది అక్షరాలూ గుక్క తిప్పుకోకుండా కొట్టి, ఎదురుగా పాతిక పెట్టి, మీట నొక్కాడు.

గంట మోగింది.

ఇంత పెద్దదా ఆ గంట అనిపించింది. కిటికీ అద్దాలు అదిరాయి. గోడ అవతల వాల్వు దభాల్న మూసుకున్న చప్పుడైంది. నేను కిటికీ దగ్గరికి ఉరికాను. చాంబర్ తలుపు తెరుచుకుని, తలగుడ్డలు మూతికి కట్టుకుని ఒక్కొక్కరే బయటపడుతున్నారు. అమరనాథ్ లోపలికి దూరి ఒకణ్ణి రెక్క పట్టి లాగుతున్నాడు. ఆఖర్న గుండయ్య వచ్చాడు. రాహేలును భుజానేసుకుని వచ్చాడు. నేల మీద దింపగానే ఆమె దగ్గడం మొదలుపెట్టింది. అంత మంచి చప్పుడు నేనెన్నడూ వినలేదు.

అమరనాథ్ కళ్ళు తుడుచుకుంటూ గదిలోకి వచ్చేసరికి మురళీధర్ ఇంకా కీబోర్డ్ ముందే ఉన్నాడు. నా సాక్ష్యం పోయింది. మెమరీలో పాతిక, డిస్క్ మీద పాతిక. కానీ వాడు కొట్టిన వరుస స్క్రీన్ మీదే ఉంది. నేను అరచేయి తెరిచి దాని పక్కన పెట్టాను. చెమటకు సిరా కాస్త కారినా, ఎనిమిది అక్షరాలూ అవే.

"ఈ చిరునామా తవ్వి తీసేసరికి నాకు ప్రాణం పోయింది," అన్నాను. "లోపల ఏ నంబర్ ఏ జాగల ఉంటదో తనకు తెల్వదన్నడు ఈ పెద్దమనిషి. మనసుల పెట్టుకొని కొట్టిండు. చేసినోని చెయ్యి కావాలంటిరి కదా."

అమరనాథ్ స్క్రీన్ చూశాడు, నా చెయ్యి చూశాడు, చివరికి వాడి చేతులు చూశాడు. నా మీద కోపం ఆయన మొహంలో ఇంకా ఉంది. అయినా కానిస్టేబుల్‌తో మాత్రం, స్టేషన్‌కు పో, ఆనందరావును కోర్టుకు తీసుకపోవద్దని చెప్పు, నేనొచ్చేదాకా వాని మీద చెయ్యి పడొద్దు, అన్నాడు.

మురళీధర్ ఏడుస్తున్నాడు. గంట నోరు మూయించు, కానీ మూసినట్టు ఎవనికీ తెల్వొద్దు అని సేటు చెప్పాడట. సీజన్ అయ్యేదాకానే అన్నాడట. మనిషి చస్తాడనుకోలేదట. నడుస్తున్న మెమరీని ముడితే మెషీన్ అక్కడికక్కడే ఆగిపోవచ్చని భయపడి, నిన్న డిస్క్ ఒక్కటే మార్చాడట. నాకు జాలి రాలేదు. ఇప్పుడు వాడు నలుగురిని బతికించాడు, అదీ నిజమే. మొన్న ఒకణ్ణి చంపాడు, అదీ నిజమే. రెంటినీ కలిపి కూడికలు తీసివేతలు చేయడం నా పని కాదు.

కిటికీలోంచి చూస్తే, గేటు దగ్గర రిక్షా ఆగింది. పంతులుగారిని వెనకేసుకుని వైకుంఠం సేటు వచ్చాడు. ఆవరణలో పడి దగ్గుతున్న మనుషుల మధ్య నుంచి, వాళ్ళ కాళ్ళు దాటుకుంటూ నడిచాడు. ఎవరైనా పోయారా అని అడగలేదు.

"గంట ఎవడు మోగిచ్చిండు?" అన్నాడు. "ఆపుండ్రి. సరుకు ఖరాబైతది."

గుండయ్య లేచి నిలబడ్డాడు. వాడి వెనక ఒక్కొక్క హమాలీ లేచాడు. అమరనాథ్ గబగబా పోయి మధ్యలో నిలబడ్డాడు, ఈసారి ఎవరిని కాపాడాల్సి వస్తుందో ఆయనకు బాగానే అర్థమైంది.

అప్పుడు మురళీధర్ నా కొంగు పట్టి లాగాడు.

"మేడమ్, ఇదొక్కటే కాదు. సేటుకు గుడిమల్కాపూర్‌ల ఇంకో గోదాం ఉన్నది. దసరాకు ముందు అక్కడ గూడ మూడే పెట్టిన. అక్కడ నిన్న మార్చలే."

నేను ఆవరణలోకి ఉరికి, అమరనాథ్‌ను పక్కకు తోసి, వైకుంఠం మొలతాడుకున్న తాళంచెవి పుటుక్కున తెంపాను. పంతులుగారు రామ రామ అన్నారు. ఆఫీసు గది తెరిచి ఫోన్ అందుకున్నాను. మురళీధర్ నంబర్ చెబుతుంటే తిప్పాను. అవతల చాలాసేపు మోగింది. చివరికి ఎవరో ముసలాయన ఎత్తాడు. మీ గ్యాస్ గంట మోగుతోందా అని అరిచాను.

"గంటనా?" అన్నాడాయన తీరిగ్గా. "దసరా సంది ఒక్కమాటు గూడ మోగలేదమ్మా, మస్తు ఆరామున్నది. ఏం ఫికర్ చెయ్యకు. ఎర్రబల్బొక్కటి పొద్దటిసంది ఎలుగుతున్నది గని, గంట మోగలే కదా అని మనుషులను లోపల్నే ఉంచినం."